మెట్టు మీది సిగ్నల్

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నమ్మేవాళ్లను చూస్తే విసుగు కూడా. నంద్యాలలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచర్ని నేను. "మిస్, నా కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయింది" అని ఏ పిల్లవాడన్నా అంటే, "దానంతట అది ఏదీ ఆగదు, నీ కాలు తగిలి ప్లగ్గు ఊడింది, వంగి చూడు" అంటాను. వంగి చూస్తే అట్లే ఉంటుంది. ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలిసిన మాయలన్నీ ఊడిన ప్లగ్గులే.

పైగా మాది చర్చికి పోయే కుటుంబం. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర విశ్రాంతిగా ఉంటారని చిన్నప్పటి నుంచీ విన్నాం. వాళ్లు లేచి వచ్చి మన పనుల్లో చెయ్యి పెడతారంటే మా పాస్టరుగారు ఒప్పుకోరు. ఆయన ఒప్పుకున్నా నేను ఒప్పుకోను.

అందుకే ఇది రాయడానికి చాలా వెనకాడాను. నలుగురు నవ్వుతారని కాదు, నా మాటకు నేనే అడ్డం పోవాల్సి వస్తుందని. చూసింది చూసినట్టు రాస్తాను. కలిపి చెప్పడం నాకు చేతకాదు.

మా అక్క సుగుణను ఆళ్లగడ్డలో ఇచ్చారు. బావ పేరు దానియేలు. ఆళ్లగడ్డ అంటే అందరికీ దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పులు గుర్తొస్తారు. బావది ఆ పని కాదు, ఆయన రాళ్ల మీద అక్షరాలు చెక్కేవాడు. సమాధి రాళ్ల మీద పేర్లు, స్కూలు గదులకూ నీళ్ల ట్యాంకులకూ పెట్టే ప్రారంభోత్సవం ఫలకాలు. ముందు కంప్యూటర్లో టైపు చేసి, పెద్ద కాగితాల మీద ప్రింటు తీయించి, రాయికి అంటించి, ఆ గీతల వెంబడి ఉలి నడిపేవాడు. ఇంట్లో కంప్యూటర్ ఉండేది అందుకే.

ఆయనకు కంప్యూటర్ అక్షరాలు నచ్చేవి కావు. "ఈ అచ్చరాల్లో ఎముకల్లేవు మే" అనేవాడు నాతో. కూతురు రూతు పదో తరగతిలో ఉన్నప్పుడే ఆ మాట పట్టుకుంది. నాయన చేతిరాత చూసి కంప్యూటర్లో ఒక్కో అక్షరం సొంతంగా గీయడం మొదలుపెట్టింది. అప్పటి నుంచి బావ చెక్కినవన్నీ కూతురు గీసిన అక్షరాలే. సమాధి రాయి ఆర్డరు ఇవ్వడానికి వచ్చినవాళ్లకు, ఏడుపు మధ్యలో ఉన్నవాళ్లకు కూడా, "ఈ గుణింతం మా పాపది" అని చూపించి మరీ చెప్పేవాడు. అక్క సిగ్గుతో తల పట్టుకునేది.

వాళ్ల ఇల్లు పాతకాలం మిద్దె. రాతి గోడలు మూరెడు మందం, పైన కూడా రాతి బండలే. ఎండాకాలంలో లోపల చల్లగా ఉంటుంది కానీ ఫోన్ సిగ్నల్ గడప దాటి లోపలికి రాదు. కరోనా వచ్చి రూతు కాలేజీ పాఠాలు నెట్‌లోకి మారినప్పుడు అదొక పెద్ద తలనొప్పి అయింది. అప్పుడు నేనే ఒక వైఫై అడాప్టర్ కొనిచ్చాను. గోరంత ఉంటుంది, కంప్యూటర్ యూఎస్‌బీ రంధ్రంలో గుచ్చితే గాల్లోని నెట్‌ను అందుకుంటుంది. బావ ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి, గడప బయట మెట్టు దగ్గర కూర్చుంటే, లోపల కూతురి పాఠం నడిచేది.

ఆ హాట్‌స్పాట్‌కు పేరు పెట్టాలి అన్నాను. "రూతు నాయన అని పెట్టు" అన్నాడు. "నా పేరు పాప పుట్టిన్నాడే పాయ. వీధిలో ఎవురూ దానియేలు అనరు."

"ఇంగ్లీషులో పెడదాం బావా, తెలుగైతే ఒక్కోసారి సరిగా కనపడదు" అన్నాను.

"తెలుగు అచ్చరాలతో కూడు తింటాండా మే. ఇంగ్లీషులో పెట్టుకుంటే నా ఉలి నవ్వుతాది."

సరే అని తెలుగులోనే పెట్టాను. చక్కగానే కనపడింది.

మెట్టు పక్కన ఒక రాయి బోర్లా వేసి ఉండేది. అది కూడా ఫలకమే. ఏదో భవనానికి చెక్కాడు, రాయి సిద్ధమయ్యేసరికి దాని మీద పేరున్న నాయకుడి పదవి పోయింది. తీసుకుపోవడానికి ఎవరూ రాలేదు. బావ దాన్ని తిరగేసి ఆసనం చేసుకున్నాడు. "అందరూ కుర్చీ కోసం కొట్లాడుకుంటాండారు. నేను జూడు, ఆయప్ప పేరు మీదనే కూచోనుండా" అని నవ్వేవాడు. కూతురి పాఠం ఉన్నంతసేపూ ఆ రాయి మీద, చేతిలో ఫోన్ పట్టుకుని, కదలకుండా కూర్చునేవాడు.

కదలకుండా అన్నాను కానీ, టీ ఒక్కటే ఆయన బలహీనత. పాఠం మధ్యలో లేచి వీధి మొనలో టీ అంగడికి పోయేవాడు. ఫోన్ చొక్కా జేబులోనే. నెట్టు కూడా ఆయనతోపాటే టీ తాగడానికి పోయేది. తెర మీద సారు నోరు తెరిచి ఆగిపోయేవారు. రూతు లోపలి నుంచి "నాయనా!" అని ఒక కేక పెట్టేది. ఆయన సగం గ్లాసు వదిలేసి వచ్చి మళ్లీ రాయి మీద కూర్చునేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. "నేను పోతే నెట్టు పోతాదని గుర్తుండదు మే, నేనేమన్నా టవరునా" అనేవాడు నాతో.

ఇంకొక సంగతి చెప్పాలి. పాఠం అయిపోయిందని ఆయనకు తెలిసేది కాదు. రూతు పిలవాలి. "నాయనా, అయిపాయ. లోపలికి రా" అంటే అప్పుడు హాట్‌స్పాట్ ఆపి లేచేవాడు. ఒకసారి పాఠం ముగిశాక ఆ పిల్ల టేబులు మీదే తల పెట్టి నిద్రపోయింది. ఆయన పొద్దు వాలేదాకా ఆ రాయి మీదే ఉన్నాడు. అక్క పోయి తిడితే, "పిలవలే గదా" అన్నాడంట.

అట్లాంటి మనిషి ఒక మధ్యాహ్నం పని చేసేచోట, సగం చెక్కిన రాయి మీదకు ఒరిగిపోయాడు. ఆసుపత్రికి తీసుకుపోయేలోపలే అయిపోయింది. పడినప్పుడు జేబులో ఫోన్ రాయికీ ఆయన గుండెకూ మధ్య నలిగి పగిలింది. తర్వాత దాని బ్యాటరీ ఉబ్బితే, ఫోన్లు బాగుచేసే అతను ప్రమాదమని బ్యాటరీ తీసేసి ఇచ్చాడు. సిమ్ము కార్డు అక్క తీసేయించింది. మిగిలిన డొల్లను ఒక గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టుకుంది.

బావ సమాధి రాయికి అక్షరాలు రూతే గీసింది. చెక్కింది ఆయనతో పనిచేసిన ఓబులేసు అన్న. అందరి పేర్లూ చెక్కినవాడి పేరు ఆ రోజు ఇంకొకరు చెక్కుతుంటే పక్కన నిలబడి చూశాను. ఏడవకూడదనుకున్నాను కానీ నా వల్ల కాలేదు. నాకున్నది ఒక్క బావ. నా నోటికి జవాబు చెప్పగలిగిన మనిషి ఆయనొక్కడే.

ఆ తర్వాత ఆ ఇంట్లో కంప్యూటర్ కూడా మూలపడింది. రాతి దుమ్ము పోయి పోయి పాత అడాప్టర్ చచ్చింది, దాన్ని నేనే పారేశాను. డిస్కు కూడా చెడిపోతే కంప్యూటర్‌ను నంద్యాలకు తెచ్చి, కొత్త డిస్కు వేసి, అన్నీ మొదటి నుంచి ఎక్కించి ఇచ్చాను. పాతవాటిలో రూతు గీసిన అక్షరాలు తప్ప ఇంకేమీ మిగల్లేదు. ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, ఆ కంప్యూటర్‌కు బావ హాట్‌స్పాట్ సంగతి గుర్తుండే అవకాశమే లేదు.

డిగ్రీ అయిపోయాక రూతు ఇంట్లోనే ఉండిపోయింది. బట్టల అంగడిలో పనికి పోతానంది, అక్క వద్దంది. పెళ్లి సంబంధాల మాటలు మొదలయ్యాయి. అట్లాంటి రోజుల్లో బెంగళూరు నుంచి ఒక కబురు. ఫోన్లకూ కంప్యూటర్లకూ తెలుగు అక్షరాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీ వాళ్లు రూతు పంపిన అక్షరాలు చూసి, వీడియోలో మాట్లాడాలన్నారు. నీ కంప్యూటర్ తెర మాకు చూపిస్తూ, మా ఎదుటే కొన్ని అక్షరాలు గీయాలి అన్నారు. అంటే ఫోన్‌తో కుదరదు, ఆ కంప్యూటరే కావాలి, దానికి నెట్ కావాలి. ఇంటర్వ్యూ శనివారం పొద్దున పదకొండుకు.

రూతు నాకు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, నాకు ఇదొక్కటే కావాల. ఇది పోతే నేనింక ఏదీ అడగను" అంది. ఆ పిల్ల ఎప్పుడూ ఏదీ అడిగింది లేదు. నంద్యాల బస్టాండు దగ్గర అంగడిలో కొత్త అడాప్టర్ కొని, శుక్రవారం స్కూలు అయిపోగానే బస్సెక్కాను.

వాళ్ల ఎదురింట్లో ఒక రిటైరైన లెక్కల సారు ఉన్నారు. ఆయన ఇంట్లో ఫైబర్ నెట్ ఉంది. పాస్‌వర్డ్ వాడుకోండమ్మా అని ఆయనే చెప్పారు. ఇక నా పని అడాప్టర్‌ను కూర్చోబెట్టడం.

ముందు వైపు రంధ్రాలన్నీ రాతి పొడితో పూడిపోయి ఉన్నాయి. సైకిల్ పంపుతో కొట్టి శుభ్రం చేశాను. లేచిన దుమ్ము తెల్లగా అక్క చీర మీద పడింది. తను దులుపుకోలేదు. అయినా అక్కడ పట్టు కుదరక, వెనక వైపు రంధ్రంలో అడాప్టర్ పెట్టాను. కంప్యూటర్ దాన్ని గుర్తుపట్టలేదు, పసుపుపచ్చ గుర్తు చూపించింది. దానికి డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. డబ్బాలో ఇచ్చింది సీడీ, ఈ కంప్యూటర్‌కు సీడీ పెట్టే చోటే లేదు. నెట్ నుంచి దించుకుందామంటే నెట్ లేకనే గదా ఈ తిప్పలన్నీ. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు అన్నట్టు. నాకు ఈ అడాప్టర్ల బుద్ధి ముందే తెలుసు కాబట్టి డ్రైవర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వచ్చాను. ఎక్కించి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే, అడాప్టర్ మీద చిన్న నీలం దీపం వెలిగింది. జాబితాలో లెక్కల సారు నెట్ కనపడింది. పాస్‌వర్డ్ కొట్టాను, కలిసింది. బెంగళూరు వాళ్లు పంపిన లింకు తెరిచి చూశాం, రూతు మొహం తెర మీద చక్కగా కనపడింది. ఆ పిల్ల చాలాకాలానికి నవ్వింది.

ఆ సాయంత్రం జాబితాలో ఇంకేం పేర్లు ఉన్నాయో నేను చూశాను. సారుది, పక్కింటి వాళ్ల ఫోన్ ఒకటి. అంతే.

శనివారం పొద్దున వీధిలో కాలువ తవ్వడానికి జేసీబీ వచ్చింది. మేము టిఫిన్ తింటుండగానే బయట అరుపులు. పోయి చూస్తే కాలువలోంచి నల్ల తీగ ఒకటి తెగి పైకి లేచి ఉంది. లెక్కల సారు గేటు పట్టుకుని నిలబడి జేసీబీ డ్రైవరును తిడుతున్నారు.

"యాడ చూసి తవ్వుతాండావ్ అప్పా నువ్వు?"

"నేల కింద ఏముండాదో నాకేం తెల్సు సార్" అంటున్నాడు ఆ మనిషి. అతని తప్పూ కాదు.

సారు నెట్ పోయింది. సరే, రూతు ఫోన్ మెట్టు మీద పెట్టి హాట్‌స్పాట్ వాడదామనుకుంటే, ఫోన్‌లో కూడా నెట్ లేదు. నా ఫోన్‌లోనూ లేదు. వీధిలో ఎవరిని అడిగినా అదే మాట. ఆ తీగ ద్వారానే టవరుకు కూడా పోతుందేమో, నాకు తెలియదు. మిద్దె ఎక్కాను, చెయ్యి పైకెత్తి చూశాను, ఏమీ లేదు. కంప్యూటర్ మూటగట్టుకుని ఆటోలో ఎక్కడికన్నా పోదామంటే అంత సమయం లేదు. బెంగళూరుకు ఫోన్ చేసి చెబుదామన్నా కాల్ పోవడంలేదు.

లోపలికొస్తే బావ కుర్చీలో రూతు కూర్చుని ఉంది. ఇస్త్రీ చేసిన డ్రస్సు, తలలో చిన్న క్లిప్పు. ఏడవడంలేదు. ఏడ్చి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. అక్క తలుపు పక్కన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. నాకు కోపం వచ్చింది. తీగ మీద, జేసీబీ మీద, ఈ రాతి ఇంటి మీద. ఒట్టి చేతులతో నిలబడలేక మౌస్ పట్టుకుని నెట్‌వర్క్ జాబితా మూసి తెరిచాను. మూసి తెరిచాను. నెట్ పోయిన సారు పేరొక్కటే చూపిస్తోంది.

మళ్లీ తెరిచాను. సారు పేరు పైన ఇంకొక పేరు వచ్చింది.

రూతు నాయన.

తెలుగులో. సిగ్నల్ గీతలన్నీ నిండుగా. పక్కన తాళం గుర్తు.

మొదట నాకు కలిగింది భయం కాదు, ఒళ్లు మంట. ఎవడో ఆకతాయి ఆటలాడుతున్నాడనుకుని విసురుగా బయటికి పోయాను. మెట్టు మీద ఎవరూ లేరు. బోర్లా వేసిన రాయి మీద ఎండ పడి ఉంది. జేసీబీ ఆగి ఉంది. సారు లోపలికి పోయారు. పక్కింటి వాళ్ల తలుపుకు తాళం. వీధి ఆ మొన నుంచి ఈ మొన దాకా ఖాళీ.

తిరిగి వస్తే రూతు ఆ పేరు వైపే చూస్తోంది. "నొక్కు చిన్నమ్మా" అంది.

నొక్కాను. "పాస్‌వర్డ్ ఏంది పాపా?" అని అడుగుతూనే ఉన్నాను. అది పాస్‌వర్డ్ అడగలేదు. కొత్త డిస్కు, కొత్త అడాప్టర్, తాళం ఉన్న నెట్‌వర్క్. అడిగి తీరాలి. ఈ ఒక్క విషయం నేను కోర్టులో నిలబడి కూడా చెప్పగలను. అడగలేదు, కలిసిపోయింది. నీలం దీపం నిలకడగా వెలిగింది. లింకు తెరిస్తే బెంగళూరు వాళ్ల గది కనపడింది.

నేను కెమెరాకు కనపడకుండా టేబులు పక్కన నేల మీద కూర్చున్నాను. తెర నాకు ఏటవాలుగా కనపడుతోంది. అవతల ఒక పెద్దావిడ, ఒక అబ్బాయి. రూతు మొదట తడబడింది, తర్వాత గీయడం మొదలుపెట్టాక చెయ్యి కుదురుకుంది. తలకట్టు ఎక్కడ సన్నబడాలో, కొమ్ము ఎక్కడ ఆగాలో చెప్తూ పోయింది. ఉలి పెట్టి చూస్తే అక్షరంలో ఏ మూల విరుగుతుందో తెలుస్తుంది, అట్లాంటి మూల కాగితం మీద కూడా బలహీనంగానే ఉంటుంది అంది. అది బావ మాట. ఆయన నోటి నుంచి నేను ఎన్నోసార్లు విని, ఆవలించిన మాట.

అప్పుడు గీతలు తగ్గాయి. నిండుగా ఉన్నవి ఒక్కొక్కటే తగ్గి ఒకటి మిగిలింది. తెర మీద పెద్దావిడ నోరు తెరిచి ఆగిపోయారు. రూతు వైపు చూశాను.

ఆ పిల్ల కంగారు పడలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, చిన్నగా నవ్వి, "టీకి పోయినాడు. వస్తాడు" అంది.

అక్క తలుపు దగ్గర నుంచి అదంతా చూస్తోంది. తనకు కంప్యూటర్ గురించి ఏమీ తెలియదు, ఆ మాట మాత్రం తెలిసింది. గడప వైపు తిరిగి, గొంతు తగ్గించి, రోజూ ఆయన్ను గదమాయించినట్టే అంది. "ఈ పొద్దన్నా కుదురుగా కూచోగూడదా నువ్వు?"

వీధి మొనకు పోయి సగం గ్లాసు తాగి తిరిగి వచ్చేంత సేపు అయింది. గీతలు ఒకటి, రెండు, నిండుగా. పెద్దావిడ కదిలారు. "మధ్యలో ఆగింది, ఫరవాలేదా?" అని అడిగారు. "ఫరవాలేదు మేడం, వచ్చేసింది" అంది రూతు.

చివర్లో ఆవిడ, నువ్వు గీసినవాటిలో నీకు అన్నిటికంటే ఇష్టమైంది చూపించు అన్నారు. రూతు ఒక ఫైలు తెరిచింది. బావ సమాధి రాయికి గీసిన అక్షరాలు. దానియేలు అనే పేరు తెర నిండా పరుచుకుంది. ఇవి రాతి మీద ఉన్నాయి మేడం, మా నాయనవి, అని మాత్రం చెప్పింది. పెద్దావిడ తెరకు దగ్గరగా వంగి ఒక్కో అక్షరమే చూశారు. నేను గీతల వైపు చూశాను, ఒక్కటి కూడా తగ్గలేదు.

మాటలు అయిపోయాయి. వాళ్లు సెలవు తీసుకున్నారు. తెర మీద గది మాయమైంది. కానీ జాబితాలో పేరు అట్లే ఉంది. గీతలు నిండుగా.

నేను లేచి బీరువా తెరిచాను. గుడ్డ విప్పాను. పగిలిన అద్దం, లోపల బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ పల్లం. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. అది పట్టుకునే కంప్యూటర్ దగ్గరికి వచ్చి చూశాను. రూతు నాయన. అట్లే ఉంది.

ముగ్గురం ఆ పేరు చూస్తూ నిలబడ్డాం. అక్కే ముందు తేరుకుంది. చెంగుతో కళ్లు తుడుచుకుని, "పిలువు పాపా" అంది. "నువ్వు పిలవందే రాడు గదా."

రూతు గడప వైపు తిరిగింది.

"నాయనా, అయిపాయ. లోపలికి రా."

వాళ్లిద్దరూ గుమ్మం వైపు చూస్తున్నారు. నేను తెర వైపు చూస్తున్నాను. కాబట్టి ఇది నేనొక్కదాన్నే చూశాను. పేరు పోయింది. నీలం దీపం ఆరిపోయి, మళ్లీ వెలిగి, వెతకడం మొదలుపెట్టింది. జాబితాలో సారు పేరొక్కటే మిగిలింది. మూసి తెరిచాను, మూసి తెరిచాను. లేదు.

రూతు నా మొహం చూసి తెలుసుకుంది. అప్పుడు ఏడ్చింది, ఆయన పోయిన రోజు ఏడ్చినట్టు. "నేనెందుకు పిలిస్తి చిన్నమ్మా. పిలవకుంటే ఇంకొంచెంసేపు ఉండేవాడేమో."

అక్క ఆ పిల్ల తల కడుపుకు ఆనించుకుంది. "ఎండలో ఉండాడు గదమ్మా. ఎంతసేపని కూచోబెడతావు?" అంది.

వీధిలో నెట్ సాయంత్రానికి గానీ రాలేదు. పొద్దున మా కంప్యూటర్‌కు నెట్ వచ్చిందంటే లెక్కల సారు నమ్మలేదు. పాత జాబితా ఏదో మిగిలిపోయి కనపడి ఉంటుందమ్మా అన్నారు. పేరు కనపడటం అట్లా కావచ్చు సార్, బెంగళూరు వాళ్లు కనపడటం ఎట్లా అన్నాను. ఆయన తల గోక్కున్నారు. పాస్టరుగారు దేవుని కార్యం అన్నారు. కావచ్చు, కానీ దేవుడు మధ్యలో టీకి పోడు గదా. ఆ మాట ఆయనతో అనలేదు.

రూతుకు ఆ ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు బెంగళూరులో ఉంది. అక్క ఆ రాయి మీద ఎవరైనా కూర్చుంటే ఏమీ అనదు, పొద్దు పడ్డాక మాత్రం తడిగుడ్డతో ఒకసారి తుడుస్తుంది.

నేను నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. ఊడిన ప్లగ్గు కోసం వంగి వంగి చూశాను, దొరకలేదు. ఈ మధ్య క్లాసులో నెట్‌వర్క్ పాఠం చెప్తుంటే ఒక పాప లేచి, "మిస్, ఫోన్ లేకుండా హాట్‌స్పాట్ వస్తుందా?" అని అడిగింది. రాదు అన్నాను. పరీక్షలో అట్లే రాయాలి మరి. చెప్పి బోర్డు వైపు తిరిగాను. పిల్లలు చాలాసేపు కాచుకున్నారు, తర్వాత ఏం రాయాలో నాకు గుర్తు రాలేదు.